మన్నాఏఖేళ్ళి దారిలో సుంకాలు, బూటకపు బాకీలు

పుణె, షోలాపూరుల నుంచి హైదరాబాదు వెళ్ళే మన తెలుగువారికి మన్నాఏఖేళ్ళి కొత్త ఊరు కాదు. పేరు పలకడానికి నోరు తిరగకపోయినా ఊరు మాత్రం అందరికీ తెలుసు. నల్దుర్గ్, ఉమర్గా దాటి, హుమ్నాబాదు వెనకబడ్డాక, జహీరాబాదు ఇంకా రాకముందు, బీదరుకు పోయే రోడ్డు ఎడమవైపు చీలే కూడలి ఇదే. కర్ణాటక రాష్ట్రం బీదరు జిల్లా, చిట్గుప్ప తాలూకా. పుణె నుంచి మచిలీపట్నం దాకా సాగే 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. పాతవాళ్ళు ఇప్పటికీ దీన్ని 9వ నంబరు రోడ్డనే అంటారు.

చూడ్డానికి పెద్ద విశేషాలున్న ఊరు కాదు. కొంత ఎర్ర మొరం నేల, కొంత నల్లరేగడి. కంది, పెసర, మినుము, సోయా చేలు, అక్కడక్కడ చెరకు. రోడ్డు పక్క జొన్నరొట్టె, వేరుశెనగ కారప్పొడి దొరికే హోటళ్ళు, పంక్చరు దుకాణాలు, వరసగా ఆగిన లారీలు. అయితే ఒక్క గంట కూర్చుంటే చాలు, నాలుగు భాషలు చెవిన పడతాయి. గల్లాపెట్టె దగ్గర కన్నడం, లారీల దగ్గర ఉర్దూ, బస్సు దిగినవాళ్ళ మరాఠీ, వాటి మధ్య జహీరాబాదు యాసలో మన తెలుగు. బీదరు కోటకూ, నానక్ ఝీరా గురుద్వారాకూ, హుమ్నాబాదు వీరభద్రేశ్వరుడి గుడికీ, మాణిక్ ప్రభు సంస్థానానికీ వెళ్ళేవాళ్ళు ఈ చుట్టుపక్కల దిగి టీ తాగందే కదలరు.

ఈ నాలుగు భాషల వెనక ఒక చరిత్ర ఉంది. 1956 నవంబరు 1కి ముందు ఇదంతా హైదరాబాదు రాష్ట్రంలోని బీదరు జిల్లా. రాష్ట్రాల పునర్విభజనలో ఆ జిల్లా మూడు ముక్కలైంది. ఉద్గీరు, నీలంగా వైపు భాగం బొంబాయి రాష్ట్రానికి, నారాయణఖేడు, జహీరాబాదు ఆంధ్రప్రదేశ్‌కు, బీదరు, హుమ్నాబాదు మైసూరుకు వెళ్ళాయి. జహీరాబాదు తాలూకా ఆంధ్రకు వచ్చినా అందులోని నిర్ణా సర్కిలు మాత్రం మైసూరులోనే ఆగిపోయింది. ఆ నిర్ణా మన్నాఏఖేళ్ళికి దగ్గర్లోనే ఉంది. ఈ ప్రాంతంలో అన్నదమ్ములు రెండు రాష్ట్రాల్లో, పొలం గట్లు సరిహద్దు మీద ఉండటం వింతేమీ కాదు.

సరిహద్దు ఉన్నచోట సుంకం ఉంటుంది. నైజాం కాలంలో షోలాపూరు బ్రిటిషు ఇండియాలోది, నల్దుర్గ్ హైదరాబాదు సంస్థానంలోది. సరుకు సరిహద్దు దాటితే కరోడ్‌గిరి శాఖవారికి సుంకం కట్టాల్సిందే. తరవాత రాష్ట్రాల అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు వచ్చాయి. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక అవీ పోయాయి. ఇప్పుడు ఉన్నది రోడ్డు వాడుకున్నందుకు కట్టే టోలు. మన్నాఏఖేళ్ళి సమీపాన మంగళగి దగ్గర ఒక టోలుగేటు, తెలంగాణలోకి వచ్చాక సదాశివపేట దగ్గరి కంకోలులో మరొకటి ఉన్నాయి.

సుంకానికీ మనకూ ఉన్న సంబంధం ఈనాటిది కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం చాలామంది వినే ఉంటారు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన వర్తకుల సరుకును లాక్కునే పాత పద్ధతి మాని, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోమని రాజు రాతిమీద రాయించాడు. వసూలు చేసేవాడెవడు, ఎంత, ఎక్కడ అన్నది పదిమందికీ కనబడేట్టు రాసి ఉండాలన్నది అందులోని నీతి. ఈనాటి టోలుగేటు దగ్గర పెద్ద బోర్డు మీద ధరల పట్టిక పెట్టడం కూడా అలాంటిదే. బోర్డు లేని సుంకరి వచ్చి చెయ్యి చాస్తే అనుమానించాల్సిందే. ఇప్పుడు ఆ సుంకరి మన ఫోనులోకి వస్తున్నాడు.

పోయిన సంక్రాంతికి మా బావగారి కుటుంబంతో కలిసి షోలాపూరు నుంచి హైదరాబాదు వెళుతూ మన్నాఏఖేళ్ళిలో ఆగాం. బావగారంటే మా ఆవిడ అన్నగారు. హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. కిరాణా కొట్టులో పావలా బాకీ ఉన్నా నిద్రపట్టని మనిషి. టీ తాగుతుండగా ఆయన ఫోనుకు ఒక సందేశం వచ్చింది. టోలు రుసుము 85 రూపాయలు చెల్లించలేదట. సాయంత్రంలోగా కట్టకపోతే బండిని బ్లాక్‌లిస్టులో పెట్టి జరిమానా వేస్తారట. కింద ఒక లింకు.

“ఎనభై అయిదు రూపాయలకు మాటెందుకు బావగారూ, కట్టేస్తే పోలేదా?” అన్నారాయన.

“కడదాం లెండి. ముందు బాకీ ఉందో లేదో చూద్దాం” అన్నాను.

ఆ ఫోనుకు ముడిపడిన ఖాతాలోనే ఆయన పెన్షను పడుతుంది. అక్కయ్యగారి మోకాలి ఆపరేషనుకు దాచిన డబ్బూ అందులోనే ఉంది. ఫాస్టాగ్ ఇచ్చిన బ్యాంకు యాప్ తెరిచి చూశాం. ఆ ఉదయం దాటిన ప్రతి గేటూ, దాటిన సమయం, కోసుకున్న మొత్తం వరసగా ఉన్నాయి. ఎక్కడా బాకీ లేదు. మళ్ళీ సందేశం చదివితే, అందులో మా బండి నంబరే లేదు!

మా మాటలు విన్న హోటలు కుర్రాడు నవ్వాడు. “నాకు గూడ వచ్చింది సార్. నాకు కారు లేదు, ఏం లేదు. సైకిల్ మోటర్ గూడ మా తమ్మునిది” అన్నాడు.

వల విసిరేవాడికి చేప పేరుతో పని లేదు. వెయ్యిమందికి పంపితే అందులో ఆ రోజు టోలు దాటినవాళ్ళు పదిమందైనా ఉంటారు. ఆ పదిమందిలోనూ చిక్కేది ఎక్కువగా మా బావగారి లాంటివారే. అప్పు ఎగ్గొట్టే అలవాటున్నవాడు ఈ సందేశాన్ని పట్టించుకోడు. బాకీ అంటే సిగ్గుపడే మర్యాదస్థుడే గబగబా నొక్కుతాడు. మనవాళ్ళ నిజాయితీనే ఈ దొంగలు పెట్టుబడిగా పెట్టుకున్నారు.

అసలు టోలు ఎలా వసూలవుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి జాతీయ రహదారుల గేట్లన్నిటిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. అద్దం మీది ట్యాగును గేటులోని యంత్రం చదువుతుంది, డబ్బు ట్యాగు ఖాతాలోంచి పోతుంది, కబురు ట్యాగు ఇచ్చిన బ్యాంకు నుంచి వస్తుంది. ట్యాగు లేకపోయినా, పనిచేయకపోయినా లెక్క గేటు దగ్గరే తేలాలి. యూపీఐతో కడితే ఒకటింపావు రెట్లు, నగదుగా అయితే రెండు రెట్లు అని 2025 నవంబరు 15న అమల్లోకి వచ్చిన సవరణ నిర్ణయించింది.

అలాగని టోలు బాకీ అనేదే ఉండదని చెప్పడం తప్పు. గేటు అడ్డం లేకుండా కెమెరాలతో వసూలు చేసే పద్ధతి వస్తోంది. 2026 జనవరిలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు సవరించి, టోలు బాకీ ఉన్న బండికి యాజమాన్య మార్పిడి ఎన్ఓసీ, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ వంటివి ఆపేలా చేశారు. దొంగల కథకు ఇప్పుడు మరింత నమ్మకం కలిగేది ఇందువల్లే. కాబట్టి గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. బాకీ ఉండవచ్చు, కాని అది ఉందో లేదో చూసుకునే చోటు మనం ఎంచుకోవాలి. సందేశం పంపినవాడు చూపిన దారిన పోకూడదు. బ్యాంకులో ఎవరైనా చెక్కు తెస్తే మేము మా లెడ్జరు చూస్తాం కాని, తెచ్చినవాడి డైరీ చూడం కదా!

ఈ మోసానికి అన్నదమ్ములు చాలామంది ఉన్నారు. తెలంగాణలో ట్రాఫిక్ చలాన్ల బకాయిలకు రాయితీ ఇచ్చిన రోజుల్లో, 2024 జనవరిలో, పోలీసుల ఈ-చలాన్ సైటును పోలిన నకిలీ సైటు పుట్టింది. పోలీసులే ప్రజలను హెచ్చరించాల్సి వచ్చింది. అసలు సైటు పేరు చివర ప్రభుత్వ గుర్తు ‘జీఓవీ డాట్ ఇన్’ ఉంటుంది. నకిలీ దానిలో ఆ ‘జీఓవీ’ లేదు. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయల ఫాస్టాగ్ వార్షిక పాసు మొదలయ్యాక దాని పేరుతోనూ నకిలీలు బయల్దేరాయి. ఆ పాసుకు అసలు దారి జాతీయ రహదారుల సంస్థవారి రాజ్‌మార్గ్ యాత్ర యాప్.

అన్నిటికన్నా ప్రమాదం వాట్సాప్‌లో చలాను పేరుతో వచ్చే ‘ఏపీకే’ ఫైలు. అది కాగితం కాదు, ఫోనులోకి దూరే ప్రోగ్రాం. ఒకసారి లోపలికి రానిస్తే మన ఎస్సెమ్మెస్‌లన్నీ, అంటే ఓటీపీలన్నీ, దొంగకు చేరతాయి. ఇలాంటి ఒక ముఠా 4,400కు పైగా ఫోన్లలో చొరబడిందని క్లౌడ్‌సెక్ అనే సంస్థ 2024 జూలైలో బయటపెట్టింది. మా శాఖ ఖాతాదారు ఒకాయన, విశ్రాంత ఉద్యోగి, ఇలాంటి ఫైలే తెరిచారు. రాత్రికి రాత్రి ఆయన ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఎవరో ఆన్‌లైన్‌లో అప్పు తీసుకున్నారు. మర్నాడు పాస్‌బుక్కు పట్టుకుని నా ఎదుట కూర్చుని, “నేను ఓటీపీ ఎవరికీ చెప్పలేదండీ” అని పదేపదే అన్నారు. ఆయన చెప్పలేదన్నది నిజమే. ఫోనే చెప్పేసింది.

ఇంకొక అపోహ కూడా వదిలించుకోవాలి. కారు అద్దం తుడిచే పిల్లవాడు చేతి గడియారంతో ట్యాగులో డబ్బు లాగేస్తున్నాడని 2022 జూన్‌లో ఒక వీడియో ఊరూరా తిరిగింది. అది బూటకమని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ప్రకటించింది. ట్యాగులోని డబ్బు నమోదైన గేట్లు, పార్కింగు కేంద్రాల వంటివాటికే వెళుతుంది, మనిషికి వెళ్ళదు. పాపం పిల్లల్ని అనుమానించి, ఫోనులోని దొంగను నమ్మడం మన వంతయింది!

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులకు మరొక్క మాట. అక్కడ ఈ గోల మరీ ఎక్కువ. 2024 మార్చి మొదలు కొద్ది వారాల్లోనే 2,000కు పైగా ఫిర్యాదులు వచ్చాయని ఎఫ్‌బీఐ ఏప్రిల్‌లో హెచ్చరించింది. ఎఫ్‌బీఐ చూపిన నమూనా సందేశంలో బాకీ 12 డాలర్ల 51 సెంట్లు, కట్టకపోతే 50 డాలర్ల ఆలస్య రుసుము. వాళ్ళకు కావలసింది ఆ పన్నెండు డాలర్లు కాదు, కార్డు నంబరు. కొన్ని సందేశాలు ‘వై’ అని జవాబిచ్చి మళ్ళీ తెరవమంటాయి. తెలియని నంబరు నుంచి వచ్చిన లింకును ఐఫోను పనిచేయనివ్వదు. మనం జవాబిస్తే పరిచయస్థులమనుకుని ఆ అడ్డు తీసేస్తుంది. ఇలాంటి సందేశాలకు సరంజామా అమ్మే ‘లైట్‌హౌస్’ ముఠా మీద గూగుల్ 2025 నవంబరులో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో దావా వేసింది. పిల్లల్ని చూడబోయి వాళ్ళ కారులో తిరిగి వచ్చిన పెద్దలకు ఇలాంటిది వస్తే, పిల్లల్ని అడగందే ఏదీ నొక్కకండి. అక్కడ అనుమానపు సందేశాన్ని 7726కు పంపే సదుపాయం ఉంది.

ఇక ఇంట్లో గోడమీద రాసి పెట్టుకోదగ్గ మాటలు ఇవి:

సందేశంలో బండి నంబరు, గేటు పేరు, తేదీ ఉన్నాయా చూడండి. ఉన్నా కూడా లింకు నొక్కకుండా మీ ట్యాగు బ్యాంకు యాప్‌లోనే వెతకండి. పది అంకెల మామూలు నంబరు నుంచో, విదేశీ నంబరు నుంచో వచ్చిందంటే దాదాపు మోసమే. “ఈరోజే, ఈ గంటలోనే” అన్న తొందర పెద్ద గుర్తు. సందేహం తీరకపోతే రహదారి సహాయవాణి 1033కు ఫోను చేయండి. ఎవరు పంపినా ఏపీకే ఫైలు తెరవవద్దు. ట్యాగును పెన్షను ఖాతాకు ముడిపెట్టకుండా, ప్రయాణానికి సరిపడా డబ్బు మాత్రం వేసుకోండి.

డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకండి. వెంటనే 1930కి ఫోను చేసి, ఆ తరవాత మీ బ్యాంకుకు చెప్పి, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకోండి. ఫోను నెట్ ఆపండి. తొలి గంటల్లో చెబితే డబ్బు దొంగ ఖాతా దాటకముందే నిలిపే అవకాశం ఉంటుంది. రిజర్వు బ్యాంకు 2017 జూలై సర్క్యులరులో కూడా ఖాతాదారు ఎంత త్వరగా చెప్పాడన్నదానికే ప్రాధాన్యమిచ్చారు. ఇంట్లోవాళ్ళు తిడతారని రెండు రోజులు దాచినవాళ్ళే ఎక్కువ నష్టపోవడం నేను చూశాను. కాబట్టి పిల్లలకు నా మనవి: పెద్దవాళ్ళు వచ్చి చెప్పినప్పుడు ముందు కోప్పడకండి, ఫోను తీసుకుని 1930 నొక్కండి.

ఈసారి దసరాకు ఊరికి వెళ్ళేటప్పుడు మన్నాఏఖేళ్ళిలో ఓ అరగంట ఆగండి. వేడి జొన్నరొట్టె తినండి, తీరిక ఉంటే బీదరు కోట చూసి రండి. బయల్దేరే ముందు ఇంట్లో పెద్దవాళ్ళ ఫోను తీసుకుని, ట్యాగు లెక్క ఎక్కడ కనబడుతుందో ఒక్కసారి చూపించండి. అయిదు నిమిషాల పని.