అమ్మ చెవి – మా మైకు

'చెవిటివాని ముందు శంఖమూదినట్లు' అన్న సామెతను మనమందరం ఎప్పుడో ఒకప్పుడు ఇతరుల మీద ప్రయోగించినవారమే. ఊదేవాడు తన శంఖాన్ని ఒకసారి సరిచూసుకున్నాడా అని మాత్రం ఆ సామెత అడగదు. 2024 వేసవిలో మా ఇంట జరిగిన ఒక చిన్న సంఘటన ఆ ప్రశ్నను మాకు నేర్పినది. హెడ్‌సెట్ మైకు పనిచేయకపోవడమనే అల్పవిషయం ఒక ఇంటి అమ్మకం దాకా వెళ్ళి ఆగిన వృత్తాంతమిది. ప్రతి ఇంటా ఒక లాప్‌టాప్, దాని ముందు దూరాన ఉన్న ఆత్మీయుల కోసం ఒక ఆదివారం సాయంత్రం ఉన్న ఈ రోజులలో, మన సంస్థ కుటుంబాలకు ఉపయోగపడగలదన్న ఆశతో వ్రాస్తున్నాము.

ఉద్యోగరీత్యా మా కాపురం రాయ్‌పూర్‌లో. ఎనభై రెండేళ్ళ మా అమ్మగారు పార్వతీపురంలో, మా నాన్నగారు కట్టించిన పెంకుటింటిలో ఉంటారు. రాయ్‌పూర్–విజయనగరం రైలుమార్గం 1931లో పూర్తయినది. ఆ దారిన వచ్చి రైల్వేలోను, తరువాత భిలాయి ఉక్కు కర్మాగారంలోను కుదురుకున్న తెలుగు కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నవి. పార్వతీపురం మాకు ఒక రాత్రి ప్రయాణమే. అయినా సెలవు దొరకని ఉద్యోగికి ఆ ఒక్క రాత్రి కూడా దూరమే. అందుచేత ప్రతి ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు పొరుగింటి పిల్లవాడు తన ఫోను తెచ్చి అమ్మ ముందు నిలబెడతాడు. ఇవతల మేము లాప్‌టాప్ ముందు కూర్చుంటాము.

ఆ వేసవిలో మాకు, విశాఖపట్నంలో ఉన్న మా తమ్మునికి ఒక ఆలోచన కలిగినది. ఇల్లు పాతబడినది, వానలకు కారుతున్నది. అమ్మ ఒంటరిగా ఉండడం క్షేమం కాదు. మంచి బేరం వచ్చినది కనుక ఇల్లు అమ్మివేసి, ఆమెను రాయ్‌పూర్ తీసుకురావాలని అనుకున్నాము. అయితే ఇల్లు అమ్మ పేరున ఉన్నది. పేరు మాట ఎలా ఉన్నా ఆమె మనసు అక్కడ ఉన్నది. ఆమె సమ్మతి లేనిదే కదలరాదని అన్నదమ్ములిద్దరం నిశ్చయించుకున్నాము. పెద్దకొడుకు అడగడం మర్యాదని తమ్ముడు ఆ భారం మాకే అప్పగించినాడు.

వరుసగా మూడు ఆదివారాలు అడిగినాము. మూడుసార్లూ అమ్మ చిరునవ్వుతో తల ఊపినది. "అలాగే నాయనా. మీరెలా చేస్తే అలాగే. వానలు పడకముందే కానివ్వండి" అన్నది. ఇంతకన్న స్పష్టమైన అంగీకారం ఏముంటుంది? తమ్మునికి కబురు చేసినాము. వచ్చే గురువారం అడ్వాన్సు పుచ్చుకోవడానికి ఏర్పాటు జరిగినది.

అయితే మేము గమనించి కూడా పట్టించుకోనివి కొన్ని ఉన్నవి. అమ్మ ఫోను దగ్గరకు వంగి కూర్చునేది. చెవి దగ్గర అరచేయి దొప్పగా పట్టేది. ఒకటి అడిగితే మరొకటి చెప్పేది. "భోజనమైనదా అమ్మా?" అంటే "పిల్లలు బాగున్నారా?" అనేది. పెద్దవయసు, వినికిడి మందగించినదని అనుకున్నాము. మా శ్రీమతి వినికిడి యంత్రం ధర కూడా విచారించినది. అమ్మకు వినబడడం లేదని మాకు తోచినదే తప్ప, మేము వినబడడం లేదేమోనన్న సందేహం ఒక్కనాడూ కలుగలేదు. ముప్పై ఏళ్ళుగా కర్మాగారంలో లోపాలు వెదకడమే మా వృత్తి. ఆడలేక మద్దెల ఓడన్నట్లు, ఇంటికి వచ్చేసరికి లోపాన్ని అవతలివారి చెవిలో పెట్టినాము.

మాకు సందేహం కలగకపోవడానికి కారణం లేకపోలేదు. రాయ్‌పూర్ మే నెల ఎండ తెలిసినవారికి కూలరు లేని గది ఊహకు రాదు. ఆ కూలరు హోరు మాటలకు అడ్డం వస్తున్నదనే మా అబ్బాయి ఒక మంచి హెడ్‌సెట్ పంపినాడు. మైకు నోటి దగ్గరకే వస్తుంది కనుక మాట చక్కగా పోతుందని వాని ఉద్దేశం. దానికి రెండు ప్లగ్గులు. ఆకుపచ్చది వినడానికి, గులాబీరంగుది మాట్లాడడానికి. మా లాప్‌టాప్‌కు ఉన్నదేమో ఒకటే రంధ్రం. బజారుకు వెళ్ళి స్ప్లిటర్ కావాలన్నాము. దుకాణంలోని కుర్రవాడు ఒక కొస ప్లగ్గు, రెండో కొస రెండు రంధ్రాలు ఉన్న చిన్న తీగ ఇచ్చినాడు. రెండు ప్లగ్గులూ రెండు రంధ్రాలలో చక్కగా అమరినవి. అమ్మ చేతి గాజుల చప్పుడు సైతం చెవిలో గలగలమని వినవచ్చినది. ఇంకేమి కావాలి? బిగింపు సరిపోయినది, మాట వినబడుతున్నది, కనుక అంతా సవ్యంగా ఉన్నదని తృప్తి చెందినాము.

నాలుగో ఆదివారం అమ్మతో మాట్లాడుతుండగా మా వీధిలోని పెద్దాయన ఒకరు వచ్చినారు. రైల్వే టెలిఫోను ఎక్స్ఛేంజీలో పనిచేసి విశ్రాంతి పొందినవారు. మా కేకలు వీధి దాకా వినబడినవట. పిలుపు ముగిసేదాకా ఓపికగా కూర్చుని, ఆపైన ఒక ప్రశ్న వేసినారు.

"ఇంజనీరు గారూ, మీరు మాట్లాడేటప్పుడు మీ గొంతు మీ చెవిలో పడుతున్నదా?"

లేదన్నాము. అది ఎందుకని ఎదురు ప్రశ్న వేసినాము.

"మా కాలపు టెలిఫోనులో పడేదండీ. మాట్లాడేవాని గొంతులో రవ్వంత వాని చెవికే తిరిగి వచ్చేది. సైడ్‌టోన్ అనేవారము. మైకు పోతే చెవి బోసిపోయేది. అవతలివాడు చెప్పనక్కరలేకుండానే తెలిసిపోయేది. రిసీవరును బల్ల అంచున ఒకసారి తట్టి, మళ్ళీ మాట్లాడేవారము."

ఆ మాటతో మాకు ఒళ్ళు జలదరించినది. ఆయన చెప్పినదంతా మేము చదువుకున్న శాస్త్రమే. పాత టెలిఫోను మైకులో కార్బన్ రేణువులుండేవి. డేవిడ్ హ్యూస్ 1878లో కార్బన్ మైక్రోఫోను సూత్రాన్ని లోకానికి వెల్లడించినాడు. శబ్దపు ఒత్తిడికి రేణువులు దగ్గరై, దూరమై విద్యుత్ ప్రవాహాన్ని హెచ్చించేవి, తగ్గించేవి. అవి గడ్డకట్టినప్పుడు తట్టితే సర్దుకునేవి. ఈనాటి హెడ్‌సెట్లలో విరివిగా కనబడే ఎలక్ట్రెట్ మైకుకు మూలం 1962లో బెల్ లాబొరేటరీస్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ చేసిన పరిశోధన. మైకు చిన్నదైనది, చవకైనది, నాణ్యమైనది. కాని మామూలు కంప్యూటరు హెడ్‌సెట్‌లో మన గొంతు మన చెవికి తిరిగి రాదు. మాట్లాడేవానికి తన మైకు చచ్చినదన్న వార్త చేరే దారి మూసుకుపోయినది. అవతలివారు మనకు వినబడుతూనే ఉంటారు కనుక, మనమూ వారికి వినబడుతున్నామని నమ్ముతాము.

ఆ రాత్రి పరీక్షకు కూర్చున్నాము. తీగ మీద ఉన్న మ్యూట్ మీటను చూసినాము, తెరిచే ఉన్నది. లాప్‌టాప్ సెట్టింగ్స్‌లో సౌండ్ అన్న చోట మైకు స్థాయిని చూపే గీత ఒకటి ఉంటుంది. మైకును గోటితో తట్టినాము. గీత కదలలేదు. లాప్‌టాప్ మూత అంచున తట్టినాము. గీత ఎగిరిపడినది. కూలరు ఆపినాము. అంతవరకు ఆడుతున్న గీత నేలకు దిగినది. విషయం అద్దంలా కనబడినది. నోటి ముందున్న మైకు అలంకారప్రాయం. ఇన్నాళ్ళూ అమ్మకు మా మాట చేరవేసినది లాప్‌టాప్ తెర పైనున్న సొంత మైకు. దానికి మూరెడు దూరాన మేము, మరొక మూరెడు దూరాన కూలరు. అమ్మ చెవికి వెళ్ళినది ముప్పాతిక కూలరు, పాతిక మేము.

పూర్తిగా చచ్చిన యంత్రం మేలు, వెంటనే పట్టుబడుతుంది. సగం పనిచేసే యంత్రమే మనలను మోసగిస్తుంది.

మరి హెడ్‌సెట్ మైకు ఎందుకు పలుకలేదు? పాఠకులు తమ ఇంటి హెడ్‌సెట్ ప్లగ్గును ఒకసారి వెలుతురులో పట్టి చూడగోరుతాము. నున్నని లోహం మీద సన్నని నల్లని వలయాలుంటవి. అవి లోహాన్ని భాగాలుగా విడదీసే అడ్డుగోడలు. రెండు వలయాలుంటే మూడు భాగాలు. ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి, ఉమ్మడిగా తిరిగివచ్చే దారి ఒకటి. మైకుకు చోటు లేదు. మూడు వలయాలుంటే నాలుగు భాగాలు, ఆ నాలుగోది మైకుది. ఎలక్ట్రెట్ మైకుకు కావలసిన కొద్దిపాటి విద్యుత్తు కూడా లాప్‌టాప్ నుంచి ఆ దారినే వస్తుంది. దుకాణంలో మాకిచ్చిన తీగకు రెండే వలయాలు. ఇద్దరు మనుషులు ఒకే పాట వినడానికి చేసిన తీగ అది. దాని రెండు రంధ్రాలూ వినడానికే. మైకు ప్లగ్గును చెవికి చెందిన రంధ్రంలో దూర్చి మూడు వారాలు ఊరేగినాము. లాప్‌టాప్ కూడా, వచ్చినది వినే సాధనం మాత్రమేనని గ్రహించి, తన సొంత మైకునే వాడుకుంటూ వచ్చినది. దాని తప్పేమీ లేదు.

మరునాడు సాయంత్రం అదే దుకాణానికి వెళ్ళినాము. "స్ప్లిటర్ మాంగా థా సాహబ్, స్ప్లిటర్ దియా" అన్నాడు కుర్రవాడు. నిజమే. రెండు తీగలూ చూపుకు కవలలు, పేరు కూడా ఒకటే. ఏ పనికో చెప్పక పేరు మాత్రం చెప్పినది మేము. మూడు వలయాలున్నది, ఒక రంధ్రం పక్కన మైకు బొమ్మ ఉన్నది ఏరి తెచ్చుకున్నాము. దానితోపాటు సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్‌గా హెడ్‌సెట్ మైకును ఎంచి, ప్రైవసీ భాగంలో మైక్రోఫోను అనుమతి ఉన్నదని చూసుకుని, మాట్లాడే యాప్ లోపల కూడా అదే మైకు ఎంపికై ఉన్నట్లు సరిచూసినాము. ఈసారి గోటితో తట్టగానే గీత ఎగిరినది. మూత మీద తట్టితే పెద్దగా ఉలకలేదు.

ఆదివారం దాకా ఆగలేక ఆ సోమవారం రాత్రే పిలిచినాము. "అమ్మా" అనగానే ఆమె ఉలిక్కిపడి వెనక్కి జరిగినది.

"అరవకురా, పక్కనే కూర్చున్నట్టున్నావు. ఏమి, మీ ఊళ్ళో వాన వెలిసినదా?"

ఏమి వాన అన్నాము. మా ఊళ్ళో నలభై డిగ్రీల పైనే ఎండ కాస్తున్నదన్నాము.

"మరి నెల రోజులుగా మీ ఇంట ఒకటే వాన హోరు కదా! నీ మాట సగం అందులోనే కొట్టుకుపోయేది. సరేలే, పెంకు తిరగవేసే మనిషిని మాట్లాడినావా? వానలు పడకముందే కానివ్వమన్నాను."

మాకు కాసేపు నోట మాట రాలేదు. మూడు ఆదివారాలు మేము ఇల్లు అమ్మే మాట అడుగుతుంటే, కూలరు హోరులో 'ఇల్లు', 'వానలు', 'పాతబడినది' అన్న ముక్కలే ఆమెకు చేరినవి. కొడుకులు ఇంటి పెంకు తిరగవేయించబోతున్నారని ఆమె నెలరోజులుగా సంతోషపడుతున్నది.

అప్పుడు నెమ్మదిగా, మొదటిసారి వినబడేట్టుగా, ఇల్లు అమ్మే సంగతి అడిగినాము. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. మైకు అటువైపు కూడా బాగానే పనిచేస్తున్నది కనుక ఆ మౌనం కూడా మాకు స్పష్టంగా వినబడినది.

"నేను ఉన్నన్నాళ్ళు ఉండనీ నాయనా" అన్నది.

గురువారం అడ్వాన్సు తీసుకోలేదు. తమ్ముడు బేరం చేసినవారికి క్షమాపణ చెప్పుకున్నాడు. జూన్ రాకముందే పెంకు తిరగవేయించినాము. చలికాలం రెండు నెలలు రాయ్‌పూర్ వచ్చి ఉండడానికి అమ్మ ఒప్పుకున్నది. ఇది ఆమె విని ఒప్పుకున్న మాట.

మన ఉద్యోగాలలో షట్‌డౌన్ ఇచ్చేటప్పుడు, అవతలి మనిషి 'సరే' అంటే చాలదు. ఏమి విన్నాడో తిరిగి చెప్పించుకుంటాము. రైల్వే స్టేషన్ మాస్టర్లు ఒకరికొకరు హామీ ఇచ్చుకునేటప్పుడు ప్రైవేటు నంబర్లు మార్చుకునేది కూడా ఇటువంటి జాగ్రత్తకే. యంత్రాల విషయంలో ఇంత జాగరూకత గల మేము, కన్నతల్లి తల ఊపును చూసి సంతకంగా భావించినాము. ఆనాడు ఒక్క మాట, "అమ్మా, నేనేమి అడిగినానో చెప్పు" అని ఉంటే, మూడు వలయాల తీగ లేకున్నా నిజం తెలిసిపోయేది.

కనుక పాఠకులకు మా విన్నపం ఇది. మీ మాట అవతలివారికి అందడం లేదని తోచినప్పుడు మొదట గోటితో మీ మైకును తట్టి చూడండి. తరువాత ప్లగ్గు వలయాలు లెక్కపెట్టండి. ఆ తరువాత సెట్టింగ్స్ చూడండి. అవతలివారి చెవుల సంగతి అన్నిటికన్న చివర.

మా ఇంట ఇప్పుడు ఆదివారం పిలుపు ఒక కొత్త పద్ధతిలో మొదలవుతున్నది. "వినబడుతున్నదా అమ్మా?" అని అడగడం మానినాము. ఆ ప్రశ్నకు అమ్మ ఎప్పుడూ అవుననే అంటుంది. "నేనిప్పుడు ఏమన్నాను?" అని అడుగుతాము. ఆమె నవ్వి, బడిపిల్లలా అప్పజెబుతుంది.