అర్హతపోటీల విలువ

స్పీడ్‌వే పందెమున మోటారుసైకిలుకు బ్రేకులుండవు. నలుగురు చోదకులు నాలుగు చుట్లు తిరుగుదురు. మొదటివానికి 3, రెండవవానికి 2, మూడవవానికి 1 పాయింటు, కడపటివానికి సున్న.

1936లో లండనునందలి వెంబ్లీలో ప్రథమ ప్రపంచపోటీ తుదిఘట్టము జరిగెను. ఆస్ట్రేలియా వీరుడు బ్లూయీ విల్కిన్సన్ తన 5 పందెములను గెలిచెను. అయినను మూడవస్థానమే దక్కెను! ఏలన, అర్హతపోటీలనాటి అదనపు పాయింట్లను గూడ కలిపిరి. విల్కిన్సనుకు మొత్తము 25. లయొనెల్ వాన్ ప్రాగ్, ఎరిక్ లాంగ్టనులకు చెరి 26. వారిరువురి నడుమ మరల జరిగిన పందెమున వాన్ ప్రాగ్ నెగ్గి విజేత యయ్యెను.

ఆనాడు ఓటమి నెరుగని వానికి కిరీటము దక్కకుండుట న్యాయమా? నాకును విల్కిన్సనుపై జాలి కలుగును. కాని నియమము అందరికి నొక్కటే. బడిపంతులుగా జీవితము గడిపిన నాకు, పరీక్షనాటి ప్రతిభతోపాటు ఏడాది పొడవునా చేసిన కృషికిని విలువ యుండుట సమంజసముగనే తోచును.

బాలలారా! విల్కిన్సన్ మరల పోటీకి దిగెను; 1938లో ప్రపంచవిజేత యయ్యెను.