చిన్న పుస్తకం, దాని సినిమా

పఠన బృందం అంటే ఒకే పుస్తకాన్ని ఎవరికి వారు చదివి, అనుకున్న రోజున ఒకచోట కూర్చుని దాని గురించి మాట్లాడుకునే పాఠకుల కూటమి. అటువంటి కూటమి పుస్తకాన్ని ఎంచుకునేటప్పుడు అభిరుచికన్నా ముందు తీరికను లెక్కచూడవలసి ఉంటుంది. పత్తి తీతలు ముగియకముందే మిరప కోతలు వచ్చిపడే పల్నాటిలో, రాజుపాలెం వంటి మండల కేంద్రంలో, ఐదారువందల పుటల నవలను నెల తిరిగేలోగా అందరూ పూర్తిచేసి రావాలని కోరడం భావ్యం కాదు. చదవలేకపోయినవారు మొహమాటపడి రావడం మానుకుంటే బృందమే చెదిరిపోతుంది. అందువల్ల ఒకటి రెండు సాయంత్రాలలో ముగిసే కథ, నవలిక, చిన్న కావ్యం, వాటిలోనూ తెరకెక్కినవి, ఈ కూటములకు అనువైనవి. అయితే తీరిక లేకపోవడం ఒక్కటే ఇందుకు కారణమనుకుంటే ఈ ఎంపికలోని అసలు విలువ మరుగునపడుతుంది.

ఒక రచనను ఆధారం చేసుకుని మరొక మాధ్యమంలో నిర్మించిన కృతిని అనుసరణ అంటారు. పెద్ద రచన అనుసరణకు లోనైనప్పుడు ప్రధానంగా కోత జరుగుతుంది, చిన్న రచన లోనైనప్పుడు చేర్పు జరుగుతుంది. గురజాడ అప్పారావు 1909లో తిరగరాసి వెలువరించిన ఏడంకాల ‘కన్యాశుల్కం’ పి.పుల్లయ్య దర్శకత్వంలో 1955లో సినిమాగా వచ్చినప్పుడు ఎన్నో సంభాషణలు రాలిపోక తప్పలేదు; నాటకాన్ని ప్రేమించే పాఠకులు ఆ సినిమా చూసి పోయినవాటి జాబితా చెప్పుకుంటారు, అక్కడితో చర్చ ఆగిపోతుంది. అదే సినిమాలో నాటకంలో లేని పూర్ణమ్మ కథాగేయాన్నీ, శ్రీశ్రీ కవితనూ ఎందుకు చేర్చారన్న ప్రశ్న వేసినప్పుడు మాత్రం మాట ముందుకు సాగుతుంది. పోయినదాని గురించి విచారించడమే మిగులుతుంది గాని, చేర్చినదాని గురించి తర్కించవచ్చు, ఎందుకంటే ప్రతి చేర్పు వెనుకా ఆ రచనను ఒక విధంగా అర్థంచేసుకున్న మరొక పాఠకుడు ఉంటాడు.

ఈ మాటకు బలమైన సాక్ష్యం మృణాల్ సేన్ తీసిన ఒకే ఒక్క తెలుగు చిత్రం ‘ఒక ఊరి కథ’ (1977). దానికి మూలం ప్రేమ్‌చంద్ 1930లలో రాసిన ‘కఫన్’ అనే కొద్ది పుటల కథ. లోపల కోడలు పురిటినొప్పులతో అల్లాడుతుండగా బయట తండ్రీకొడుకులు నిప్పులో కాల్చిన దుంపలు తింటూ కూర్చున్న రాత్రితో ఆ కథ మొదలవుతుంది. ఆమె బ్రతికి ఉండగా ఆ ఇంట్లో ఎలా మెలిగిందో ప్రేమ్‌చంద్ రెండు మూడు వాక్యాలకు మించి చెప్పడు. సినిమా ఆ కొద్ది వాక్యాలనే పట్టుకుని, నీలమ్మగా మమతా శంకర్‌ను ఆ గుడిసెలోకి కోడలిగా తీసుకువచ్చి, ఆమె చేత కష్టం చేయించి, ఒళ్లు వంచి పనిచేస్తే లాభం దొరలకే అని నమ్మిన మామతో ఆమెకు తగవు పెడుతుంది. దానివల్ల కథలో దాదాపు మూలుగుగా మాత్రమే వినిపించిన స్త్రీ సినిమాలో ఒక ఎదురుమాటగా నిలబడుతుంది. ఇది కథకు మేలు చేసిందా, లేక ఆమె మౌనంలో ఉన్న భయంకరత్వాన్ని తగ్గించిందా అన్నది ఒక పూట చర్చకు చాలినంత ప్రశ్న, కూలి నాలి చేసుకునే ఇళ్ల నుంచి వచ్చిన సభ్యులు ఉన్న చోట అది మరింత పదునెక్కుతుంది.

శ్రీరమణ ‘మిథునం’ ఇందుకు భిన్నమైనది. అప్పదాసు, బుచ్చిలక్ష్మి అనే వృద్ధ దంపతుల ముచ్చట్లను ఆ ఇంటికి వచ్చిపోయే చనువున్న ఒకరు కథలో చెబుతారు; తనికెళ్ల భరణి 2012లో తీసిన సినిమా ఆ చెప్పేవారిని తొలగించి, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి తప్ప తెరమీద మరెవరూ లేకుండా నడుస్తుంది. అంతకుముందే, 2000లో, ఎం.టి. వాసుదేవన్ నాయర్ ఇదే కథను మలయాళంలో ‘ఒరు చెరు పుంచిరి’గా తీశారు. ఇరవై ముప్పై పుటల మూలానికి రెండు భాషలలో రెండు చిత్రాలు ఉండడం పఠన బృందానికి దొరికే అరుదైన వసతి.

రాజుపాలెం ఉన్న సత్తెనపల్లి డివిజన్‌లోనే అమరావతి కూడా ఉన్నది కనుక, సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ను విడిచిపెట్టడానికి వీలులేదు. నూరు కథల ఆ సంపుటిలోని ఏ కథ అయినా కొన్ని నిమిషాలలో పూర్తవుతుంది. శాఖా గ్రంథాలయంలో ఒకే ప్రతి ఉన్నా, ఒకరు పైకి చదువుతుంటే మిగిలినవారు వినవచ్చు. శ్యామ్ బెనగల్ 1990లలో దూరదర్శన్ కోసం వీటిని హిందీ ధారావాహికగా మలిచారు. కృష్ణ ఒడ్డున పుట్టిన మాటలు హిందీలో ఎలా వినిపిస్తాయో ఈ ప్రాంతంవారికన్నా బాగా తూచగలవారు లేరు.

అన్నిటికన్నా కష్టమైనదీ, అన్నిటికన్నా విలువైనదీ పల్నాటి వీరచరిత్ర. శ్రీనాథునిదిగా ప్రసిద్ధమైన ‘బాలచంద్ర యుద్ధం’ మంజరీ ద్విపదలో, అంటే రెండేసి పాదాలుగా సాగుతూ ప్రాస నియమం లేని ఛందస్సులో ఉన్నది. అది కంటితో చదివేందుకు బెదిరించినా పైకి చదివినప్పుడు తేలికగా చెవికెక్కుతుంది. ఈ గాథ మీద వచ్చిన చిత్రాలలో గూడవల్లి రామబ్రహ్మం ప్రారంభించగా ఆయన మరణానంతరం ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేసిన 1947 నాటి ‘పల్నాటి యుద్ధం’లో నాగమ్మ పాత్రను కన్నాంబ ధరించగా, 1966 నాటి చిత్రంలో భానుమతి ధరించారు. అయితే ఇక్కడ రచన, సినిమా అనే రెండింటితో లెక్క తీరదు. ఈ గాథను పరంపరగా పాడుతూ వస్తున్న వీరవిద్యవంతులు అనే గాయకుల పాట మూడవ పాఠంగా ఉన్నది. కార్తీక మాసంలో కారెంపూడి వీరుల ఉత్సవానికి వెళ్లివచ్చేవారు దానిని విన్నవారే. బ్రహ్మనాయుడి చాపకూడు, అంటే కులభేదం లేకుండా ఒకే చాప మీద అందరూ కలిసి తినే ఏర్పాటు, ఈ మూడింటిలో ఎంతెంత చోటు పొందిందో, నాగమ్మను రాజకీయ ప్రజ్ఞగల స్త్రీగా ఎవరు చూపారో, కేవలం కుట్రదారుగా ఎవరు చూపారో పోల్చి చూడడం మొదలుపెడితే, సభ్యులు ఎవరి వ్యాఖ్యానం మీదా ఆధారపడకుండా తామే విమర్శకులవుతారు.

ఏది ఎంచుకున్నా సినిమాకన్నా ముందు పుస్తకం చదవాలి; తెరమీద చూసిన ముఖం ఒకసారి మనసులో నాటుకుంటే, ఆ తరువాత చదివే వాక్యానికి వేరే ముఖం దొరకదు. సినిమా కూడా అందరూ కలిసే చూడాలి, ఇళ్లలో ఎవరి ఫోనులో వారు చూసి వస్తే ఏ సన్నివేశం దగ్గర ఎవరు కదిలిపోయారో తెలియదు. తొలి సమావేశానికి ‘మిథునం’, మనుషులు పరస్పరం అలవాటుపడ్డాక ‘కఫన్’, పొలం పనులు కొంత తెరిపి ఇచ్చే వేసవిలో పల్నాటి వీరచరిత్ర అన్న వరుస పాటిస్తే, తరువాతి కార్తీకానికి కారెంపూడి వెళ్లేవారు ఆ పాటను శ్రద్ధగా వినగలిగే చదువుతో వెళతారు.