జిద్దాలో ఎల్లారెడ్డి ఉత్తరం

కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు ఎక్కినప్పుడల్లా మాకు జిద్దా నగరం గుర్తుకు వస్తుంది. ఈ మాట విన్నవారు నవ్వుతారు. ఎర్ర సముద్రపు ఒడ్డున ఉన్న రేవు పట్టణానికీ, లింగంపేట మీదుగా చెరువుల పక్కన సాగిపోయే ఈ దారికీ ఏమిటి సంబంధమని అడుగుతారు. ఆ సంబంధాన్ని పాఠకులతో పంచుకోవాలని చాలా కాలంగా అనుకుంటూ వచ్చాము. అల్లాహ్ అనుగ్రహిస్తే ఈసారి ఆ బాకీ తీరుతుంది.

అది 1993వ సంవత్సరం. మేము మదీనా మునవ్వరాలోని ఇస్లామీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నాము. 1961లో స్థాపించబడిన ఆ విద్యాలయానికి ఆఫ్రికా నుంచి ఇండోనేషియా దాకా ఎన్నో దేశాల విద్యార్థులు వచ్చేవారు. అంతమంది మధ్య ఒకనాడు భోజనశాలలో ఒక యువకుడు తాను ఎల్లారెడ్డి నుంచి వచ్చానని చెప్పగా విని, లేచి వెళ్లి కౌగిలించుకున్నాము. మాది కామారెడ్డి. అప్పటికి కామారెడ్డి జిల్లా లేదు. అది 2016 అక్టోబరు 11న ఏర్పడింది. రెండు ఊళ్లూ అప్పుడు నిజామాబాదు జిల్లాలోనివే. ఇక్కడ ఉన్నన్నాళ్లూ ఒకరికొకరం తెలియదు. అక్కడ అన్నదమ్ములమయ్యాము.

మా ఇద్దరి చదువులలో ఒక తేడా ఉండేది. మేము చిన్ననాడే మక్తబులో చేరి, ఖుర్ఆన్ కంఠస్థం చేసి, అటునుంచి అటే అరబీ మదరసాకు వెళ్లిపోయాము. ఇంట్లో ఉర్దూ, బడిలో అరబీ, ఫార్సీ. తెలుగు బజారులో మాట్లాడేవాళ్లమే గాని అక్షరం ముక్క నేర్చుకోలేదు. మా మిత్రుడు మాత్రం ఏడో తరగతి దాకా ఎల్లారెడ్డి సర్కారు బడిలో తెలుగులో చదివి, ఆ తరువాత మదరసాకు వచ్చారు. అందువల్ల తరగతిలో మాకంటే వెనుకబడి ఉండేవారు. "భాయ్, ఆ ఏడేళ్లు వృథా చేసుకున్నావు" అని మేము పరిహాసం ఆడేవాళ్లము. ఆయన చిరునవ్వు నవ్వి ఊరుకునేవారు.

ఆ రోజుల్లో సౌదీ అరేబియాలో వారాంతపు సెలవు గురు, శుక్రవారాలు. దానిని శుక్ర, శనివారాలకు మార్చినది 2013లోనే. డిసెంబరు నెలలో ఒక వారం ఇద్దరమూ జిద్దా చూసి రావాలని నిశ్చయించుకున్నాము. ప్రయాణ అనుమతి పత్రం తీసుకొని, బుధవారం జుహర్ నమాజు తరువాత బస్సెక్కాము. దూరం 400 కిలోమీటర్ల పైమాటే. ఆ రహదారికి హిజ్రత్ పేరే పెట్టారు. దైవప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్ (రజి) గార్లు శత్రువుల కంటబడకుండా రోజుల తరబడి ఒంటెలపై చేసిన ప్రయాణాన్ని తలచుకుంటూ, మేము మెత్తని సీట్లలో కూర్చుని పల్లీలు తింటూ రాత్రికి జిద్దా చేరాము. షరఫియ్యాలో మిత్రుని బంధువు గదిలో పడుకున్నాము.

గురువారం ఉదయం పాత నగరానికి బయలుదేరాము. దానిని 'అల్ బలద్' అంటారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) గారి ఖిలాఫత్ కాలంలో, హిజ్రీ 26లో, జిద్దాను మక్కాకు రేవుగా నిర్ణయించారు. అప్పటి నుంచి ఎన్ని దేశాల హాజీలు ఆ ఒడ్డున దిగారో లెక్కలేదు. మన దక్కను హాజీలు కూడా బొంబాయిలో ఓడ ఎక్కి అక్కడే దిగేవారు. మన దేశం నుంచి ఓడలో హజ్ యాత్ర 1995లో గాని ఆగిపోలేదు. పాత ఇళ్లను సముద్రంలోని పగడపు రాయితో కట్టారు. వాటి ముందుకు పొడుచుకొని వచ్చిన చెక్క జాలీల కిటికీలను 'రవాషీన్' అంటారు. లోపలి స్త్రీలకు పరదా ఉంటుంది, సముద్రపు గాలీ వస్తుంది. 2014లో యునెస్కో ఆ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మేము చూసిన నాటికి చాలా ఇళ్లు పెచ్చులూడి, ఒరిగిపోయి ఉండేవి.

అందులో నసీఫ్ భవనం పేరు పొందినది. పంతొమ్మిదో శతాబ్దపు చివరి భాగంలో ఒక వర్తక కుటుంబం కట్టించుకున్న ఎత్తైన మేడ. దాని ముందు ఒక వేపచెట్టు ఉంది. ఒకప్పుడు ఆ నగరంలో చెట్టంటే అదొక్కటేనట. అందుకే దానిని 'చెట్టున్న ఇల్లు' అనేవారు. మా మిత్రుడు ఒక ఆకు తీసి నోట్లో వేసుకొని, ఎందుకో ఉర్దూ విడిచి తెలుగులో, "మనూరి యాపాకే, అంతే చేదు" అన్నారు.

ఆ మాటకు నాలుగు అడుగుల దూరంలో వీధి ఊడుస్తున్న మనిషి చీపురు వదిలి నిలబడ్డాడు.

"సారూ, మీరు తెలుగోళ్లా?"

"అవునన్నా. మాది ఎల్లారెడ్డి, ఈయనది కామారెడ్డి."

"మాది లింగంపేట పక్కనే సారూ" అని ఆ అన్న తల తువాలుతో ముఖం కప్పుకొని ఏడ్చాడు. మేము ఏమి చేయాలో తోచక భుజం మీద చేయి వేశాము. వయసు ముప్పై అయిదు ఉంటుంది. హిందూ సోదరుడు. రెండేళ్ల క్రితం అప్పు చేసి, ఏజెంటుకు కట్టి, వీజా మీద వచ్చాడు. మన పల్లెల్లో ఎవరు ఏ గల్ఫు దేశం వెళ్లినా "దుబాయి పోయిండు" అనే అంటారు. అతడు కూడా "దుబాయికొచ్చి రెండేండ్లాయె" అనే అన్నాడు.

కన్నీళ్లు తుడుచుకొని, అంగీ లోపలి జేబులో నుంచి ఒక ప్లాస్టిక్ సంచి తీశాడు. అందులో నీలిరంగు విమానపు ఉత్తరం ఉంది. మా గడ్డం పొడుగు, కళ్లద్దాలు చూసి కాబోలు, దానిని మా చేతిలో పెట్టాడు. "పెద్ద సదువులు సదివినోళ్లు. జర సదివి సెప్పుండ్రి. వచ్చి పన్నెండు దినాలాయె. మా రూముల అందరు మలబారోళ్లు, బెంగాలోళ్లు. తెలుగు సదివేటోడు ఒక్కడు లేడు."

పాఠకులారా, ఆ క్షణాన్ని మేము దాచుకోలేము. అంతకు ముందు వారమే తఫ్సీరు పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నాము. వెయ్యేళ్ల నాటి అరబీ గ్రంథాలను తడబడకుండా చదివేవాళ్లము. మా పుట్టిన ఊరికి ఇరవై మైళ్ల దూరంలోని ఒక పల్లె నుంచి వచ్చిన ఆ కాగితం మీద మాకు ఒక్క అక్షరం కూడా తెలియలేదు. కాసేపు చదువుతున్నట్లు చూశాము. అది కూడా అబద్ధమేనని మనసు గద్దించగా, మిత్రునికి అందించాము. "ఈయన చదువుతారన్నా, మాకు రాదు" అన్నాము. అతడు మా వంక ఆశ్చర్యంగా చూశాడు. ఆ చూపులో ఎగతాళి లేదు. ఉంటే బాగుండునని తరువాత అనిపించింది.

మిత్రుడు అతనిని చెట్టు నీడకు తీసుకువెళ్లి, పక్కన కూర్చుని, మెల్లగా చదివారు. ఇతరుల ఉత్తరం అమానతు. మేము దూరంగానే నిలబడ్డాము. అతడే మమ్మల్ని కూడా పిలిచాడు. భార్య చెప్పగా బడి పంతులు రాసిన ఉత్తరం అది. తాను బీడీలు చుట్టి పిల్లలకు ఇంత తిండి పెడుతున్నానని, అప్పులాయన వడ్డీకి రోజూ ఇంటి ముందుకు వస్తున్నాడని, రెండెకరాల చెలక, బావితో సహా అమ్మేయడానికి మరిది ఒప్పుకున్నాడని, వచ్చే అమావాస్య దాటగానే కాగితాలు రాస్తారని, వద్దంటే ఆలోగా కబురు పంపాలని అందులో ఉంది.

"అమావాస్య ఎప్పుడు సారూ?" అని అతడు అడిగాడు.

దానికి మేము జవాబు చెప్పగలిగాము. మన నెలలు చంద్రుడితోనే నడుస్తాయి కదా! జుమాదల్ ఆఖిర్ చివరి వారంలో ఉన్నాము. ఉత్తరం మీది తేదీతో సరిచూశాము. అమావాస్యకు నాలుగు రోజులే ఉంది. జవాబు రాస్తే చేరడానికి పన్నెండు రోజులు పడుతుంది.

"భూమి ఉంచాలా, అమ్మాలా? నీ మాటేమిటన్నా?" అని మిత్రుడు అడిగారు. అతడు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "బాయి ఉన్న ఎకరం పోవద్దు సారూ. అది మా నాయిన తవ్విన బాయి" అన్నాడు.

ఎల్లారెడ్డిలో మిత్రుని మేనమామకు దుకాణం ఉంది, అందులో టెలిఫోను ఉంది. అసర్ నమాజు తరువాత ముగ్గురమూ ఫోను క్యాబిన్‌కు వెళ్లాము. మన దేశపు గడియారం అక్కడికంటే రెండున్నర గంటలు ముందు. దుకాణం మూసేస్తారేమోనని భయం. రెండుసార్లు కలవలేదు. మూడోసారి కలిసింది. మిత్రుడు గొంతెత్తి విషయమంతా చెప్పి, ఊరి పేరు, ఇంటి గుర్తు చెప్పి, చివరగా రిసీవరును ఆ అన్న చేతికిచ్చారు. ముక్కూ మొహం తెలియని మామకు అతడు, "సాబ్, మా బాయి కాపాడుండ్రి" అని ఒక్క మాట చెప్పి ఫోను తిరిగి ఇచ్చేశాడు.

పుస్తకాలు కొనుక్కోవాలని తెచ్చుకున్న రియాళ్లు ఆ క్యాబిన్‌లో ఖర్చయ్యాయి. ఆ అన్న తన జేబులోనివి తీయబోతే మిత్రుడు చేయి పట్టుకున్నారు. ఆ సాయంకాలం సముద్రతీరంలో రాజు ఫహద్ పేరిట 1985లో ప్రారంభించిన ఫౌంటెన్ చూడాలన్నది మా ఏర్పాటు. అది ఉప్పునీటిని 260 మీటర్ల ఎత్తుకు చిమ్ముతుందని విని ఉన్నాము. మేము క్యాబిన్ నుంచి బయటికి వచ్చేసరికి మగ్రిబ్ అజాన్ అవుతున్నది. ఇక తీరానికి వెళ్లనే లేదు.

శుక్రవారం జుమా నమాజు చేసి తిరుగు బస్సు ఎక్కాము. సగం దారి వరకు ఇద్దరమూ మాట్లాడుకోలేదు. "భాయ్, మాకు తెలుగు చదవడం నేర్పుతారా?" అని చివరకు మేమే అడిగాము. "రేపటి నుంచే" అన్నారు ఆయన. వృథా అయిన ఏడేళ్ల మాట ఆయన ఆనాడూ ఎత్తలేదు, ఆ తరువాతా ఎత్తలేదు.

హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) గారిని దైవప్రవక్త (స) యూదుల లిపి నేర్చుకోమని ఆదేశించగా, ఆయన కొద్ది రోజుల్లోనే నేర్చుకొని ఉత్తరాలు చదివి వినిపించేవారని హదీసులు చెబుతున్నాయి. ఆ సంఘటన జరిగినది మదీనాలోనే. మేము ఆ హదీసును ఎన్నోసార్లు పాఠంగా చదివాము. అది మమ్మల్ని ఉద్దేశించినదని జిద్దా వెళ్లి వచ్చేదాకా తెలియలేదు. ఇషా తరువాత రోజూ అరగంట, నోటుపుస్తకంలో మిత్రుడు రాసిచ్చిన అ, ఆలు దిద్దాము. ఒత్తులు మమ్మల్ని చాలా ఏడిపించాయి.

1994 వేసవి సెలవులకు ఇద్దరమూ స్వస్థలాలకు వచ్చాము. మేము కామారెడ్డిలో బస్సెక్కాము, మిత్రుడు ఎల్లారెడ్డి నుంచి వచ్చి లింగంపేటలో కలిశారు. తొలకరి పడి దుక్కులు మొదలైన రోజులు. నిజాంసాగర్ నీరు బాన్సువాడ, బోధన్ వైపు పారుతుంది గాని ఈ చెలకలకు రాదు. ఇక్కడ బావే ఆధారం. లింగంపేటలో శతాబ్దాల నాటి మెట్ల బావి ఒకటి ఉంది. ఇటీవల దానిని బాగు చేయించారు. నీటి విలువ తెలిసినవారు కట్టిన బావి అది.

ఆ అన్న ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాము. ఫోను వచ్చిన మరునాడు ఉదయమే మామగారు లూనా మీద ఆ ఊరికి వెళ్లారట. అప్పటికే తమ్ముడు బయానా తీసుకొని ఉన్నాడు. పెద్దమనుషులను కూర్చోబెట్టి మాట్లాడగా, వడ్డీకీ బయానాకూ కలిపి ఒక ఎకరం పోయింది. బావి ఉన్న ఎకరం నిలిచింది. పూర్తిగా గెలిచామని చెప్పలేము. అతని తమ్ముడు మాతో సరిగా మాట్లాడలేదు కూడా.

ముసలితల్లి మాకు గడంచె వేసి, చల్ల ఇచ్చింది. "ఉత్తరం సదివిన సాయబు ఎవలు బిడ్డా?" అని అడిగింది. మేము మిత్రుని చూపించాము. ఆమె ఆయన తల నిమిరి, లోపలికి వెళ్లి, కొడుకు దగ్గర నుంచి కొత్తగా వచ్చిన ఉత్తరం తెచ్చింది. అక్కడ మరెవరితోనో రాయించి పంపినది. కోడలు బీడీల కార్ఖానాకు వెళ్లింది, పంతులు సెలవుల్లో ఉన్నాడు. మిత్రుడు ఆ ఉత్తరం అందుకొని, ఏమీ అనకుండా మా చేతికిచ్చారు.

మేము చదివాము. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ, ఒత్తుల దగ్గర ఆగుతూ చదివాము. ఒక పేజీ ఉత్తరానికి పావుగంట పట్టింది. ఆమె ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. అంతా అయ్యాక, "ఆగి ఆగి సదివినా మంచిగనే సదివినవు బిడ్డా. మల్లోసారి సదువు" అన్నది. మళ్లీ చదివాము.

అది జరిగి ముప్పై ఏళ్లు దాటింది. మేము కామారెడ్డిలో మదరసా పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నాము. ప్రతి ప్రవక్తనూ ఆయన జాతి భాషలోనే పంపినట్లు ఖుర్ఆన్ 14వ సూరా తెలియజేస్తున్నది. ఆ ఆయతు పాఠం వచ్చిన రోజున పిల్లలకు ఈ ఉత్తరం సంగతి చెబుతాము. గురువారం సాయంత్రం ఒక గంట తెలుగు చదివిస్తాము. మొదట్లో కొందరు తల్లిదండ్రులు ఎందుకని అడిగారు. ఇప్పుడు విమానపు ఉత్తరాలు లేవు, ఫోనులో ముఖాలు చూసుకుంటున్నారు, నిజమే. కానీ పట్టాదారు పాసుపుస్తకం, ఆసుపత్రి కాగితం, బ్యాంకు నోటీసు పట్టుకొని మసీదు మెట్ల దగ్గర నిలబడే మనిషి ఇంకా ఉన్నాడు. అతడు ముస్లిమే కానక్కరలేదు. గడ్డం చూసి, చదువుకున్నవారనుకొని మన చేతిలోనే పెడతాడు.

మొన్న ఎల్లారెడ్డి వెళ్లినప్పుడు మిత్రుడు ఆ ఫౌంటెన్ మాట ఎత్తి నవ్వారు. ఇద్దరమూ ఇప్పటికీ దానిని చూడలేదు.