మూతి కొలిస్తే చాలదు!

చైతన్యపురి అనగానే చాలామందికి గుర్తొచ్చేవి కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, టిఫిన్ బండ్లు. అక్కడ మెట్రో ఎక్కితే విక్టోరియా మెమోరియల్ దాటగానే ఎల్బీనగర్. రైలు అంతవరకే. విజయవాడ రోడ్డు మీద ఇంకాస్త ముందుకెళ్తే ఆటోనగర్ వస్తుంది. పుస్తకాల వాసన పోయి గ్రీజు వాసన మొదలవుతుంది. లారీ బాడీలు కట్టేవాళ్లు, పాత సామాన్ల దుకాణాలు, లేత్ వర్క్‌షాపులు... అదో లోకం!

ఇలాంటి షెడ్లలో పాత మిల్లింగ్ మెషిన్‌ది పెద్దరికం. షాఫ్టుకు కీవే కొట్టాలన్నా, గేరుకు పళ్లు తియ్యాలన్నా అదే దిక్కు. జంటనగరాలకు ఈ యంత్రాలతో పాత చుట్టరికమే ఉంది. 1943లో సికింద్రాబాద్‌లో మొదలైన ప్రాగా టూల్స్ మిల్లింగ్, గ్రైండింగ్ యంత్రాలు చేసింది. 1988లో అది హెచ్‌ఎంటీ గొడుగు కిందికి చేరింది. బరువైన పోత ఇనుముతో చేసిన పాత యంత్రం దశాబ్దాలైనా చెక్కుచెదరదు. చిక్కల్లా దాని మూతి దగ్గరే.

రాట్నానికి కదురు ఎలాగో ఈ యంత్రానికి స్పిండిల్ అలాగ. దాని మూతి గరాటులా లోపలికి సన్నబడుతుంది. ఆ వాలునే టేపర్ అంటారు. అందులో హోల్డర్ కూర్చుంటుంది. హోల్డర్‌లోని కాలెట్ పిడికిలిలా బిగిసి కట్టర్‌ను పట్టుకుంటుంది. అయితే అందరి వాలూ ఒకటి కాదు. మోర్స్ ఒకటి, ఐఎస్ఓ ఇంకొకటి, అమెరికా బ్రిడ్జిపోర్ట్ యంత్రాలతో వచ్చిన ఆర్8 మరొకటి.

పాత యంత్రం కొన్న కొత్తవాళ్లు వెర్నియర్‌తో మూతి కొలిచి హోల్డర్ తెచ్చేస్తారు. డబ్బు పోయేది అక్కడే! నాలుగో నంబరు మోర్స్ మూతి సుమారు 31.27 మి.మీ., ఐఎస్ఓ 30ది 31.75. తేడా అర మిల్లీమీటరు కూడా లేదు. కానీ 24 మి.మీ. లోపలికెళ్తే ఐఎస్ఓ 7 మి.మీ. సన్నబడుతుంది, మోర్స్ ఒకటింబావు మాత్రమే. ఒకదాని హోల్డర్ మరొకదాంట్లో పెడితే అంచు మీదే ఆనుతుంది. కట్టర్ వణుకుతుంది, పని పాడవుతుంది, చివరికి స్పిండిల్ మూతే దెబ్బతింటుంది.

వాలు కుదిరినా డ్రాబార్ తిరకాసు ఉండనే ఉంది. హోల్డర్‌ను వెనక నుంచి లాగిపట్టే కడ్డీ అది. ఐఎస్ఓ 40కి కొన్ని యంత్రాల్లో ఎం16 మర ఉంటుంది, కొన్నింట్లో 5/8 అంగుళాల మర. లావులో తేడా మిల్లీమీటరులో ఎనిమిదో వంతే. మరల మధ్య దూరం మాత్రం ఒకదానికి 2 మి.మీ., రెండోదానికి 2.31. ఒకటి రెండు చుట్లు బుద్ధిగా ఎక్కి తర్వాత మొరాయిస్తుంది. స్పానర్‌కు పైపు తొడిగి తిప్పారా... మర మటాష్!

తెలిసినవాళ్లు తొందరపడరు. హోల్డర్‌కు పల్చగా ప్రష్యన్ బ్లూ రాసి మూతిలో పెట్టి తీస్తారు. రంగు పొడవునా అంటితే సరైన జోడీ. అంచున ఒక్క గీతే పడితే వద్దన్నట్టు. ఆ తర్వాత, వెనక భాగం తమ యంత్రానికి సరిపోయి ముందు ఈఆర్32 కాలెట్లు పట్టే చక్ ఒక్కటి కొనుక్కుంటారు. 2 నుంచి 20 మి.మీ. దాకా కట్టర్లకు కాలెట్ మారిస్తే చాలు, చక్ కదపక్కర్లేదు.

రాణిగంజ్ దుకాణాలకు బయల్దేరేటప్పుడు వాళ్ల సంచీలో కొలతల చీటీ ఉండకపోవచ్చు. గుడ్డలో చుట్టిన పాత హోల్డర్, దాంతోపాటు మూరెడు డ్రాబార్ తప్పకుండా ఉంటాయి.