గ్రామ్యమని కొట్టివేసిన పండుగ

ముప్పై మూడేండ్లు తెలుగు పండితుడిగా పని చేశాను. అన్నేండ్లలో నా చేతి ఎర్రసిరా ఎక్కువగా ఖర్చయింది ఒకే ఒక మాట రాయడానికి. ఆ మాట "గ్రామ్యం". పిల్లవాడు "వచ్చిండు" అని రాస్తే దాని కింద ఒక గీత, పక్కన ఆ మాట. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) వల్లె వేసి పరీక్షలు గట్టెక్కినవాణ్ణి. లక్షణానికి లొంగనిది గ్రామ్యం, గ్రామ్యమైనది త్యాజ్యం అన్నది నాకు నరనరాన జీర్ణించిన సంగతి. గిడుగువారి వ్యావహారిక భాషోద్యమాన్ని తరగతిలో ఎంతో ఉత్సాహంగా బోధించేవాణ్ణి. ఎర్రసిరా మాత్రం ఎప్పుడూ సూరిగారి పక్షమే!

ఈ స్వోత్కర్షకు ఒక కారణం ఉంది, చిత్తగించండి.

2023 మార్చిలో మేము దంపతులం ఇంగ్లండులోని లీడ్సు నగరంలో మా అబ్బాయి ఇంట ఉన్నాము. పక్కింటి ఆవిడ విశ్రాంత నర్సు. వయసులో నాకంటె నాలుగైదేండ్లు పెద్ద. ఒకనాడు ఆమె కంచె మీదుగా మా కోడలిని పిలిచి, "ఇరవయ్యో తేదీ సాయంత్రం మా తోటలో వసంతం పండుగ. మీరంతా రావాలి. తలా ఒక వంటకం, తలా ఒక ఎండు పుల్ల తెచ్చుకోండి" అని చెప్పింది. ఏమి పండుగ అని అడిగితే మా అబ్బాయి "పేగన్ పండుగ బాపూ, ఓస్టారా అంటరు" అన్నాడు.

తెలియని మాట కనిపిస్తే నిఘంటువు తీయకుండా ఉండలేని జబ్బు నాది. తీశాను. లాటిన్ భాషలో "పగానుస్" అంటే పల్లెవాడు. క్రైస్తవం వ్యాపించిన తరువాత, పాత దేవతలను వదలని వారందరికీ ఆ పేరే స్థిరపడింది. అంటే పేగన్ అన్నా గ్రామ్యమన్నా అర్థం ఒకటే! నా ఎర్రసిరా మాట సముద్రాలు దాటి నాకంటె ముందే అక్కడికి చేరి కూర్చున్నదన్నమాట.

ఇక పండితుని బుద్ధి ఊరుకుంటుందా? చరిత్ర తవ్వాను. క్రీ.శ. 725లో బీడ్ అనే క్రైస్తవ సన్న్యాసి కాలగణన మీద రాసిన గ్రంథంలో, ఆంగ్లేయుల పూర్వులు ఒక వసంత మాసాన్ని "ఈయోస్త్రె" అనే దేవత పేరుతో పిలిచేవారని చెప్పాడు. ఆ దేవతను గురించి పాత గ్రంథాలలో దొరికే ఆధారం దాదాపు అంతే. 1835లో జర్మన్ పండితుడు యాకోబ్ గ్రిమ్ తన పురాణగాథల గ్రంథంలో, జర్మనీలో ఆమె పేరు "ఓస్టారా" అయి ఉంటుందని ఊహించాడు. ఇంగ్లండులో మంత్రవిద్యకు వ్యతిరేకంగా ఉన్న పాత చట్టం 1951లో రద్దయింది. ఆ తరువాతి దశకంలో జెరాల్డ్ గార్డ్‌నర్ మొదలైనవారి వల్ల ఈ మార్గం బహిరంగంగా వ్యాపించి, ఏడాదికి ఎనిమిది ఋతు పర్వాలు అనే చక్రం ఏర్పడింది. వసంత విషువత్తు నాటి పర్వానికి ఓస్టారా అనే పేరు 1970లలో స్థిరపడింది. 2021 జనాభా లెక్కలలో ఇంగ్లండు, వేల్సులలో సుమారు 74 వేల మంది తమది పేగన్ మతమని రాసుకున్నారు.

ఇంత సరంజామా పోగుచేసుకొని, పండుగకు రెండు రోజుల ముందు ఆమెను కంచె దగ్గర పట్టుకున్నాను. "అమ్మా, మీ పండుగ పురాతనమైనది కాదు కదా" అన్నాను. ఆవిడ చేతికి అంటిన మట్టి దులుపుకుంటూ నవ్వింది. "కాదు. పండుగకు నా వయసు కూడా లేదు. కాని విత్తనం వయసెంతో మీరే చెప్పండి" అన్నది. నాకు జవాబు తోచలేదు.

సోమవారం సాయంత్రం వెళ్ళాము. సన్నగా తుంపర పడుతున్నది, చలి. పదిహేను మంది దాకా ఉన్నారు. అందరూ ఆ మార్గం వారు కారు. చర్చికి వెళ్ళేవారున్నారు, దేవుణ్ణి నమ్మనివారున్నారు, మేమున్నాము. ఎవరి నమ్మకమేమిటని ఆమె ఎవరినీ అడగలేదు. ఈ పండుగ ఎలా జరుపుతారో తెలుసుకోవాలనుకునేవారికి ఆమె చేసిన ఏర్పాటే చెబుతాను. ఇందులో ఏ ఒక్కటీ ఖర్చుతో కూడినది కాదు.

మొదట అందరం తోట చుట్టూ నెమ్మదిగా నడిచాము. ప్రతివారూ వసంతపు గుర్తు ఒక్కటైనా కనిపెట్టి చెప్పాలి. ఒకరు పసుపుపచ్చని డాఫడిల్ పూలు చూపారు. ఒకరు ఆపిల్ కొమ్మ మీద మొగ్గ చూపారు. ఏడేండ్ల మా మనుమడు తడిమట్టిలోంచి బయటపడిన వానపామును చూపి అందరి మెప్పూ పొందాడు.

తరువాత వంటింట్లో గుడ్లకు రంగులు. ఉల్లిపొట్టు నీళ్ళలో ఉడికిస్తే గుడ్డు పెంకుకు ఇటుక రంగు వస్తుంది. గుడ్డు మీద చిన్న ఆకు పెట్టి గుడ్డపీలికతో చుట్టి ఉడికిస్తే ఆకు అచ్చు తెల్లగా నిలుస్తుంది. పసుపు రంగుకు ఆమె వాడింది మన పసుపే. అది చూసి మా ఇంటావిడ, "మా ఊళ్ళో మోదుగు పూలు ఉడకబెట్టి రంగు తీస్తాము" అని తన భాషలోనే చెప్పింది. ఎలా అర్థమయిందో గాని పక్కావిడకు అర్థమయింది. మా ఇంట్లో గుడ్డు ముట్టరని ఆమె ముందే అడిగి తెలుసుకొని, మాకోసం నున్నటి గులకరాళ్ళు వేరే పెట్టింది. ఈ ఒక్క పనితో ఆవిడ ఆతిథ్యం ఎటువంటిదో నాకు తెలిసిపోయింది. విషువత్తు నాడు గుడ్డు నిట్టనిలువుగా నిలుస్తుందని ఒక వాడుక ఉన్నదట. పిల్లలంతా బల్ల మీద ప్రయత్నించారు. చాలాసేపటికి ఒకటి నిలిచింది. "ఓపిక ఉంటే ఏ రోజైనా నిలుస్తుంది, కాని ఈ రోజు మాత్రమే మనం ప్రయత్నిస్తాం" అన్నది ఆవిడ.

ఆపైన విత్తనాలు. పాత వార్తాపత్రికలను చుట్టి పిల్లలు చేసిన చిన్న చిన్న కుండీలలో తలా రెండు బఠానీ గింజలు నాటి, పేరు రాసుకొని, ఇంటికి తీసుకుపోవాలి. చివరన మంట. సూర్యాస్తమయ వేళకు పెరటిలో ఒక ఇనుపగిన్నెలో నిప్పు రాజేసింది. పక్కన నీళ్ళ బకెట్టు. పొగ వస్తుందని చుట్టుపక్కలవారికి ముందుగానే చెప్పి ఉంచింది. తెచ్చిన ఎండుపుల్లను, ఈ చలికాలంతో పాటు వదిలిపెట్టదలచినదేదో మనసులో అనుకొని అందులో వేయాలి. పైకి చెప్పనక్కరలేదు. ఆ తరువాత అందరి వంటకాలూ కలిపి భోజనం. తినేముందు మొదటి రొట్టెముక్క, ఒక చుక్క తేనె నేలకు.

వరుసలో నా వంతు వచ్చింది. నేను పుల్ల తేలేదు. పెద్దమనిషిని కదా, చూడడానికి మాత్రమే వచ్చాననుకున్నాను. వెనుకనుంచి మా అబ్బాయి ఒక పుల్ల నా చేతిలో పెట్టి మెల్లగా అన్నాడు:

"గప్పుడు నా కోలలు పొయ్యిల పెట్టినవ్ గద బాపూ. గిదన్న నీ చేతుల మీదికెళ్ళి మంచి మంటల పడనీ."

నవ్వుతూనే అన్నాడు. ఆ వాక్యంలో దిద్దవలసినదేదీ నాకు కనిపించలేదు.

అది 1995 నాటి సంగతి. అప్పుడు కరీంనగర్ జిల్లాలో ఒక పల్లె బడిలో పనిచేస్తున్నాను. తెలంగాణలో హోలీని కాముని పున్నమి అంటారని మీకు తెలుసు. పున్నమికి ముందు కొన్ని రాత్రులు పిల్లలు కోలలు చేతబట్టి, జాజిరి పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. ఇంటివారు చేటలో ధాన్యమో, నాలుగు పైసలో ఇస్తారు. పున్నమి నాటి రాత్రి కట్టెలు, పిడకలు పేర్చి కాముణ్ణి కాలుస్తారు. మరునాడు మోదుగు పూల రంగు. ఆ పాటల్లో మోటుమాటలుంటాయి. పెద్దవాళ్ళ మీద పరాచికాలుంటాయి. పండితుని కొడుకు వీధుల వెంట ఆ పాటలు పాడుతూ అడుక్కోవడమా! పదేండ్ల వాడు ఎక్కడో చెక్కించుకొని తెచ్చుకున్న కోలలజత లాగుకొని, అన్నం ఉడుకుతున్న పొయ్యిలో పెట్టాను. వాడు ఏడవలేదు. ఆ రాత్రి జాజిరి పిల్లలు వచ్చినప్పుడు మా ఇంటావిడ పెరటి తలుపు తీసి, చప్పుడు చేయవద్దని సైగ చేసి చేటెడు బియ్యం పోసింది. వాడు కిటికీ ఊచలు పట్టుకొని చూశాడు. ఆ సంగతి నాకు లీడ్సులోనే, ఆ రాత్రే తెలిసింది.

మరి మన సాహిత్యం ఏమి చెబుతున్నది? శ్రీహర్షుని రత్నావళి నాటిక మొదటి అంకమంతా మదనోత్సవమే. రాజు, పౌరులు, పరిచారికలు ఒకరి మీద ఒకరు రంగుపొడులు చల్లుకుంటారు. రాణి వాసవదత్త అశోకవృక్షం కింద మన్మథుణ్ణి పూజిస్తుంది. కొండవీటి ప్రభువు కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలు జరిపించి "కర్పూర వసంతరాయలు" అన్న బిరుదు పొందాడు. రాజులు కర్పూరం చల్లుకుంటే అది ప్రబంధం. పల్లె పిల్లలు కోలలు కొడితే అది గ్రామ్యం. ఈ తేడా కాముడు చేసింది కాదు, నావంటి పండితులు చేసింది.

శాకుంతలం ఆరవ అంకంలో ఇద్దరు ఉద్యానపాలికలు మామిడి మొగ్గ కోసి మన్మథునికి అర్పిస్తుంటే వృద్ధ కంచుకి వచ్చి గద్దిస్తాడు. రాజు వసంతోత్సవాన్ని నిషేధించాడు, మీకు తెలియదా అని. ఈ ఘట్టం ఎన్ని బ్యాచులకు పాఠం చెప్పానో లెక్కలేదు. దుష్యంతునికైనా పశ్చాత్తాపమనే కారణముంది. నాకు ఏ కారణమూ లేదు. అన్నేండ్లూ పాఠం చెబుతూనే ఉన్నాను గాని, ఆ కంచుకి నా ఇంట్లోనే ఉన్నాడని గుర్తుపట్టలేకపోయాను.

పుల్ల మంటలో వేశాను. ఏమనుకున్నానో ఇక్కడ రాయను. ఆవిడ నియమం అదే కదా.

రెండు రోజుల తరువాత 22వ తేదీ బుధవారం శోభకృత్ ఉగాది. ఇంటినుంచి తీసుకువెళ్ళిన ఎండు వేపపూతతో, లీడ్సు అంగడిలో దొరికిన పచ్చిమామిడితో మా ఇంటావిడ పచ్చడి చేసింది. పక్కావిడను పిలిచాము. చేదు తగలగానే ఆమె మొగం చిట్లిస్తుందనుకున్నాను. కళ్ళు మూసుకొని నమిలి, "మేము చేదును మరిచిపోయాం. వచ్చే ఏడు మా బల్ల మీద చేదు కూడా పెడతాను" అన్నది. నేను పంచాంగం చదువుతూ, మన సౌరమానపు మేష సంక్రమణం ఏప్రిల్ నడుమ వస్తుందని, మీ విషువత్తుకు మాకు మూడు వారాలకు పైగా అంతరమని అయనాంశ వివరించబోయాను. అంతలో మనుమడు తన బఠానీ కుండీ తెచ్చి మా మధ్య పెట్టి, "తాతా, ఇది ఎప్పుడు మొలుస్తుంది?" అని అడిగాడు. పంచాంగంలో అది లేదు.

మరుసటి ఏడు, 2024 మార్చి 24, కాముని పున్నమి నాటికి మేము కరీంనగర్‌లోనే ఉన్నాము. మా వీధిలో జాజిరి కనుమరుగై చాలా కాలమయింది. పెద్ద పెద్ద సౌండు బాక్సులు, ప్యాకెట్ల రంగులు మిగిలాయి. వారం ముందు వడ్రంగికి చెప్పి పన్నెండు జతల కోలలు చెక్కించాను. పిల్లలకు పాటలు రావు, నాకసలే రావు. వీధి చివర పూలమ్మే ముసలమ్మకు వచ్చు. మా అరుగు మీద కూర్చుండి ఆమె చెప్పుతుంటే పిల్లలు నేర్చుకున్నారు. నేను ఒక నోటుపుస్తకంలో ఆమె పలికినది పలికినట్లే రాసుకున్నాను. పిల్లలు మూడు రాత్రులు తిరిగారు. మొదటి రాత్రి మా ఇంటికే వచ్చారు. మా ఇంటావిడ ఈసారి ముందు తలుపే తీసి బియ్యం పోసింది.

మిత్రులారా, మీరు ఏ దేశంలో ఉన్నా, ఏ దేవుణ్ణి కొలిచినా, లేక ఎవరినీ కొలవకున్నా, వసంతం వచ్చిన నాడు నలుగురిని పిలవండి. ఒక విత్తు నాటించండి. పిల్లలు పాడితే పాడనివ్వండి. మాటలు తరువాత దిద్దుకోవచ్చు, దిద్దకున్నా మునిగిపోయేదేమీ లేదు.

పన్నెండు జతలలో పదకొండు పిల్లలకు పంచాను. ఒక జత నా పుస్తకాల బీరువాలో, బాలవ్యాకరణం పక్కన ఉంది. వాడు వచ్చినప్పుడు ఇవ్వాలి.

సెలవు.