నానమ్మ బొంత

ఆ ఇంట్లో తెల్లవారిందని కోడి చెప్పదు, పిల్లాడి తుమ్ము చెబుతుంది. విజయవాడ సత్యనారాయణపురంలో రెండు గదుల అద్దె వాటా. మూడో తరగతి చదివే చిన్నోడు మంచం మీద లేచి కూర్చోవడం ఆలస్యం, మొదలుపెడతాడు. మొదటి తుమ్ముకి నానమ్మ 'చిరంజీవ' అంటుంది. రెండోదానికీ అంటుంది. నాలుగోదానికల్లా ఆవిడకే ఓపిక అయిపోతుంది. వంటింట్లో ఉప్మా కలుపుతూ తల్లి లెక్కపెడుతుంది. ఒకరోజు పదిహేడు వచ్చాయి.

జలుబే అనుకున్నారు అందరూ. మిరియాల పాలు, పసుపు ఆవిరి, తలంటిన రోజున సాంబ్రాణి పొగ... అన్నీ అయ్యాయి. పొగ వేసిన రోజున తుమ్ములు ఇంకా ఎక్కువయ్యేవి. 'లోపలున్న జలుబంతా బయటికి పోతోంది' అని నానమ్మ సంతోషించేది. ఎదురింటావిడ మృగశిర కార్తెకి హైదరాబాద్ తీసుకెళ్లి చేపమందు వేయించమంది. అది ఉబ్బసానికని ఇస్తారు, వీడికి ఆయాసం లేదు కదా అంటే, 'రాకముందే వేయిస్తే మంచిది' అని ఆవిడ లెక్క. మందుల షాపులో అడిగి తెచ్చిన పాతకాలం బిళ్ల వేస్తే ముక్కు ఆరేది. కానీ పిల్లాడు క్లాసులో బెంచీ మీద తలపెట్టి నిద్రపోతున్నాడని టీచరు డైరీలో రాసి పంపింది.

చిత్రమేమిటంటే, వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి ఊరెళితే ఒక్క తుమ్ము ఉండేది కాదు. 'మా ఊరి గాలి అలాంటిది' అని అమ్మమ్మ గొప్ప. 'గాలీ లేదు ఏమీ లేదు, అక్కడ పెరుగు పెట్టరు కాబట్టి' అని నానమ్మ సమాధానం. వియ్యపురాళ్ల మధ్య నలిగిపోయిన ఈ ముక్కలోనే అసలు ఆధారం ఉందని అప్పటికి ఎవరికీ తట్టలేదు.

పెరుగు మాన్పించారు. తర్వాత అరటిపండు, జామకాయ. ఒంటిమీద దురద అన్నాడని వంకాయ, గోంగూర, గుడ్డు. ఆ తర్వాత ఎవరో చెప్పారని ఓ రక్తపరీక్ష చేయించారు. రంగురంగుల కాగితం వచ్చింది. అందులో 34 పదార్థాలు పిల్లాడికి 'పడవు' అని ఉంది. గోధుమలు, పాలు, పెసరపప్పు, టొమాటో కూడా. తల్లి ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది. నాలుగు నెలలపాటు వాడు అన్నం, బీరకాయ, పల్చటి చారుతో గడిపాడు. రెండు కిలోలు తగ్గాడు. తుమ్ములు మాత్రం ఒక్కటీ తగ్గలేదు.

ఓ సాయంత్రం పక్కవాటాలో పుట్టినరోజు. అందరూ కేకు తింటుంటే వీడు ప్లేటు పక్కకు పెట్టి బుద్ధిగా కూర్చున్నాడు. ఇంటికొచ్చాక చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. తల్లి లాగి చూస్తే వేలికి క్రీము. 'నేను తినలేదమ్మా, అంటుకుందంతే' అని ఏడుపు. కొట్టబోయి, పిల్లాడి జబ్బ పట్టుకునేసరికి ఎముక చేతికి తగిలి ఆగిపోయింది. మర్నాడే అలర్జీ డాక్టరు దగ్గరికి బయల్దేరింది.

డాక్టరు స్టెతస్కోపు తియ్యకముందే సగం విషయం గ్రహించారు. కుర్చీలో కూర్చున్న పది నిమిషాల్లో పిల్లాడు ఏడెనిమిదిసార్లు అరచేత్తో ముక్కుని కింది నుంచి పైకి తోసుకున్నాడు. చూడ్డానికి సెల్యూట్ కొట్టినట్టే ఉంటుంది. వైద్యులు దానికి 'అలర్జీ సెల్యూట్' అనే పేరు పెట్టుకున్నారు. అలా తోసీ తోసీ ముక్కు మీద అడ్డంగా ఓ గీత పడింది. కళ్ల కింద నల్లటి నీడలు. రాత్రుళ్లు చదువుతున్నాడనుకుంది తల్లి, మూడో తరగతికి!

తర్వాత ప్రశ్నలు. జ్వరం వస్తుందా? రాదు. ముక్కు, కళ్లు దురద పెడతాయా? బాగా. కారేది చిక్కగా పచ్చగా ఉంటుందా, నీళ్లలాగా ఉంటుందా? నీళ్లే. మామూలు జలుబైతే వారం పది రోజుల్లో తగ్గుతుంది, ఇది ఎన్నాళ్ల నుంచి? రెండేళ్లు. రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు? లేవు. అది గట్టిగా అడిగారు, ఛాతీ కూడా విన్నారు. ముక్కు అలర్జీ, ఉబ్బసం ఒకే ఇంటి పిల్లల్లాంటివి, ఒకటి ఉన్నచోట రెండోదాన్ని వెతకాలి.

చివరగా, 'ఎక్కడ పడుకుంటాడు?' అన్నారు.

నానమ్మ పక్కన, బూరుగు దూది పరుపు మీద, బొంత కప్పుకుని. మరి అమ్మమ్మగారింట్లో? డాబా మీద నులక మంచం, పల్చటి దుప్పటి. డాక్టరు కలం కింద పెట్టి నవ్వారు.

పరీక్ష మాత్రం ఆరోజు కాలేదు. వచ్చే ముందు రాత్రి, దారిలో తుమ్ముతాడేమోనని తల్లి సెట్రిజిన్ వేసింది. ఆ మందు ఒంట్లో ఉంటే చర్మపరీక్షలో ఏమీ తేలదు. వారం ఆపి రమ్మన్నారు. ఇది చాలామంది చేసే పొరపాటే. జలుబు బిళ్లల్లో, దగ్గు మందుల్లో కూడా ఇలాంటివి కలిసి ఉంటాయి కాబట్టి, వాడేవన్నీ ముందే చూపించడం మేలు.

వారం తర్వాత మోచేతి కింద తెల్లటి చర్మం మీద పెన్నుతో గుర్తులు పెట్టి, ఒక్కో గుర్తు పక్కన ఒక్కో చుక్క వేశారు. పాలు, గుడ్డు, వేరుశనగ, రొయ్య, వయ్యారిభామ పుప్పొడి, బొద్దింక, దుమ్ములో పురుగు. ఒక్కో చుక్కలోంచి సూదిమొనతో చర్మాన్ని అలా తాకి వదిలారు. రక్తం రాలేదు. అరుస్తాడనుకున్న పిల్లాడు ఆసక్తిగా చూస్తున్నాడు. వీటితోపాటు మరో రెండు చుక్కలు. ఒకటి ఉప్పునీరు, అక్కడ ఏమీ రాకూడదు. ఇంకోటి హిస్టమిన్, అక్కడ దద్దురు తప్పక రావాలి. ఈ రెండూ సరిగ్గా ఉంటేనే మిగతావాటిని నమ్మాలి. పావుగంట ఆగి స్కేలుతో కొలిచారు. ఉప్పునీటి చుక్క కన్నా మూడు మిల్లీమీటర్లు పెద్ద దద్దురు వస్తే లెక్కలోకి వచ్చినట్టు.

దుమ్ముపురుగు దగ్గర రూపాయి బిళ్లంత ఉబ్బింది. బొద్దింక దగ్గర కొంచెం. పాలు, గుడ్డు, వేరుశనగ దగ్గర ఏమీ లేదు. రొయ్య దగ్గర మాత్రం చిన్న దద్దురు.

తల్లి గుండె జారింది. ఇంటాయన తమ్ముడికి జరిగింది ఆమె కళ్లారా చూసింది. భీమవరం పెళ్లిలో రొయ్యల వేపుడు తిన్న పది నిమిషాలకే పెదాలు ఉబ్బి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు బొంగురుపోయి కూలబడ్డాడు. ఒకరు మజ్జిగ తెచ్చారు, ఒకరు లేపి నడిపించమన్నారు. పక్క వీధిలోని ఆసుపత్రిలో తొడకి అడ్రినలిన్ ఇంజక్షన్ పడ్డాకే మనిషి దక్కాడు. అలాంటప్పుడు కావలసింది అదే, బిళ్లలు చాలవు. అదందేదాకా మనిషిని నడిపించకుండా పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాలి. ఊపిరాడకపోతే కూర్చోబెట్టాలి. 108కి ఫోన్ చెయ్యాలి. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటలకు మళ్లీ తిరగబెట్టవచ్చు కాబట్టి ఆసుపత్రిలో ఉంచి చూస్తారు. ఆ బాబాయి ఇప్పటికీ రొయ్యల జోలికి పోడు.

'మీవాడు రొయ్యలు తింటాడా?' అడిగారు డాక్టరు. ఆ కాగితం రాకముందు ప్రతి ఆదివారం తినేవాడు. ఏమైనా అయిందా? ఎప్పుడూ కాలేదు. 'అయితే పెట్టండి' అన్నారు.

దుమ్ముపురుగులో, బొద్దింకలో, రొయ్యలో ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తు దాదాపు ఒకేలా ఉంటుంది. ఒకదాన్ని శత్రువనుకున్న శరీరం రెండోదాన్ని చూసీ ఉలిక్కిపడవచ్చు. చేతి మీద దద్దురు వచ్చినంత మాత్రాన తింటే జబ్బు వస్తుందని కాదు. పరీక్ష చెప్పేది సగమే, మిగతా సగం మనిషి కథ చెప్పాలి. బాబాయి విషయంలో ఆ కథ ప్రాణం మీదికి తెచ్చింది, పిల్లాడి విషయంలో ఆదివారాలన్నీ హాయిగా గడిచాయి.

మరి ఫ్రిజ్ మీది కాగితం? అందులో కొలిచింది ఐజీజీని. తిన్న తిండిని శరీరం గుర్తుపట్టిందనడానికి అదో ఆనవాలు, అంతే. ఇలాంటి అలర్జీలకు కారణమైనది ఐజీఈ, 1966లో ఇషిజాకా దంపతులు అమెరికాలో కనిపెట్టినది. 'అలర్జీ' అన్న మాటే 1906లో వియన్నా డాక్టరు పిర్కే పుట్టించింది. వందేళ్లు దాటినా మన ఇళ్లలో నేరం ఇంకా పెరుగు మీదికే పోతోంది.

ఇంటికెళ్లగానే తల్లి మొదట చేసిన పని పిల్లాడికి పెరుగన్నం పెట్టడం. రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

అసలు కష్టం రాత్రికి వచ్చింది. పరుపులో, బొంతలో పురుగులుంటాయట అని కొడుకు చెప్పగానే నానమ్మ ముఖం మాడిపోయింది. 'ముప్ఫై ఏళ్లుగా ఎండబెట్టి దులిపి వాడుతున్నా. నా పక్కలో పురుగులా?' ఆవిడ బాధలో అర్థం ఉంది. అది మామూలు బొంత కాదు. కోడలు కడుపుతో ఉన్నప్పుడు తన ఏడు నేత చీరలు, పోయిన తాతయ్య పంచె పొరలుగా పరిచి మూడు నెలలు కూర్చుని కుట్టింది. పిల్లాడు పుట్టినప్పటి నుంచీ అందులోనే పడుకున్నాడు.

దుమ్ముపురుగు మిల్లీమీటరులో మూడోవంతు ఉంటుంది, కంటికి ఆనదు. మన ఒంటినుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతుంది. కుట్టదు, కరవదు. దాని రెట్టలోని పదార్థాలే ముక్కుకి పడవు. ఎంత శుభ్రమైన ఇంట్లోనైనా ఉంటుంది, కాలవల పక్కన తేమ ఎక్కువగా ఉండే ఊళ్లలో మరీనూ. ఇదంతా కోడలు మెల్లగా చెప్పింది. 'శుభ్రం లేదని కాదత్తయ్యా' అని నాలుగుసార్లు అనాల్సి వచ్చింది.

పరుపుకి, దిండుకి దగ్గర నేత జిప్పు గలేబులు వేశారు. దుప్పట్లు వారానికోసారి వేడి నీళ్లలో ఉతకాలి, అరవై డిగ్రీలుంటే పురుగు చస్తుంది. వట్టి చీపురుతో లేపే దుమ్ము బదులు తడిగుడ్డ. ముక్కులోకి రోజూ స్టెరాయిడ్ స్ప్రే. ఆ మాట వినగానే తల్లి భయపడింది. ముక్కు వరకే పనిచేసే కొద్దిపాటి మోతాదు అని డాక్టరు నచ్చజెప్పారు. మూడు రోజులు కొట్టి, గుణం లేదని ఆపేసింది. ఫోన్ చేస్తే రెండు వారాలైనా వాడి చూడాలన్నారు. తల కాస్త ముందుకు వంచి, ముక్కు మధ్య గోడకు తగలకుండా బయటివైపు కొట్టాలట. దీనికీ లొంగకపోతే పడని పదార్థాన్నే కొద్దికొద్దిగా అలవాటు చేసే వైద్యం ఉంది. మూడు నుంచి అయిదేళ్లు పడుతుంది. 1911 నుంచీ తెలిసినదే. దాని సంగతి తర్వాత చూద్దామనుకున్నారు.

బొంతని కాగులో మరిగే నీళ్లు పోసి నానబెట్టారు. తీసేసరికి నీళ్లు చిక్కటి కాఫీలా ఉన్నాయి, ఆకుపచ్చ చీర రంగు తెల్ల చీరకెక్కింది. తడిసిన బరువు ఇద్దరు పట్టినా లేవలేదు. ఆరడానికి మూడు రోజులు పట్టింది. ప్రతివారం ఈ పని జరగదని అందరికీ తెలిసిపోయింది. పారేద్దామని మాత్రం ఎవరూ అనలేదు.

నానమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాడు మధ్యాహ్నం కళ్లజోడు పెట్టుకుని, బ్లేడుతో బొంత కుట్లు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. సాయంత్రానికి చీరలన్నీ విడివిడిగా మడత పెట్టి ఉన్నాయి. పంచె ఒక్కటి పక్కకు తీసి, ఉతికి ఆరేసి, కోడలి చేతికిచ్చింది.

'ఇదైతే ఒంటిపొరే కదమ్మాయ్. వారం వారం ఉతుక్కోవచ్చు.'

నెల తర్వాత ఓ పొద్దున తాతయ్య పంచె కప్పుకుని పడుకున్న చిన్నోడు లేచి కూర్చున్నాడు. మూడు తుమ్ములు తుమ్మాడు. నానమ్మ మూడుసార్లూ 'చిరంజీవ' అంది.